ఎనిమిది పేజీల గణతంత్రం

శ్యామ్‌సుందర్ గారి గురించి ఎవరైనా చెడ్డగా మాట్లాడాలనుకుంటే ముందు నా గురించి మాట్లాడాలి. ఆ బొమ్మల పుస్తకానికి కాలేజీ లైబ్రరీ ముద్ర కొట్టి, నంబరు వేసి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసింది నేనే. నా పేరు కామాక్షి. నాంపల్లిలో మా కాలేజీకి ముప్ఫై ఒక్క ఏళ్లుగా లైబ్రేరియన్‌ని. కాదు, లేదు, కుదరదు అనే మూడు మాటల మీద నా ఉద్యోగం నడిచింది. ఆ మూడూ చెప్పినా వినని మనిషి ఆయనొక్కరే.

ఆయన రాజనీతిశాస్త్రం ప్రొఫెసరు. ఆబిడ్స్‌లో పెద్ద దుకాణాల వెనక గల్లీలో, తాత కట్టిన మూడు గదుల ఇంట్లో పుట్టి, అక్కడే ఉన్నారు. తండ్రి గడియారాల దుకాణంలో గుమాస్తా. ఇంటి నుంచి కాలేజీకి పద్దెనిమిది నిమిషాల నడక. ఆయన బస్సెక్కగా నేను చూడలేదు. అఫ్జల్‌గంజ్ దాటి పని పడితే ముందు రోజే సెలవు చీటీ రాసిచ్చేవారు. ప్రపంచ రాజకీయాలు పాఠం చెప్పే మనిషికి మూసీ అవతలంతా విదేశమే.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే ఆయనకు ఈ పిచ్చి పట్టింది. క్లాసులో "రాజ్యం అంటే ఏంది?" అని అడిగారట. జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం అని అందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పారు. "మంచిది. దాన్ని మీలో ఎవరన్న చూసిన్రా?" అన్నారు. ఎవరూ చూడలేదు. చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, బోర్డు మీద కుర్చీలో కూర్చున్న మనిషినొకణ్ని, ఎదురుగా నిలబడ్డ తొమ్మిది మందిని గీసి, మాట్లాడకుండా వెళ్లి కూర్చుంది. శ్యామ్‌సుందర్ గారు ఆ బొమ్మను వారం రోజులు చెరపనివ్వలేదు. మిగతా లెక్చరర్లు బోర్డు మూల మిగిలిన జానెడు జాగాలో మొగలుల చరిత్ర, సగం అర్థశాస్త్రం రాసుకున్నారు.

అప్పటి నుంచి ఆయన నమ్మకం ఒకటే. రాజ్యం చదివితే తెలియదు, బొమ్మలో చూడాలి. మనవాళ్లు దాన్ని మొట్టమొదట చూసేది పిల్లల బొమ్మల కథల్లో. కాబట్టి పరిశోధన అక్కడే జరగాలి. ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే చోట గొంతుక్కూర్చుని, ఒక్కో బొమ్మా చూసి నోటుబుక్కులో రాసుకునేవారు. కూర్చున్నవాళ్లు ఎందరు, నిలబడ్డవాళ్లు ఎందరు, నిలబడ్డవాళ్ల చేతుల్లో ఏముంది. పుస్తకాలమ్మే రాజనర్సు చాలా వారాలు ఓపికపట్టి, "సార్, మీకు పిల్లలెందరు?" అని అడిగాడట.

"లేరు."

"మరి గివన్నీ ఎవరికి?"

"ప్రభుత్వాన్ని సమజ్ చేస్కోనీకి," అన్నారట ఈయన. ఆ పూట నుంచి రాజనర్సు ఆయనకు ధర తగ్గించడం మానేశాడు.

ఈ లెక్క ఫుట్‌పాత్ మీదే ఆగితే బాగుండేది. పెళ్లికి వెళ్తే అక్షింతలు చేతిలో పట్టుకుని కుర్చీలు లెక్కపెట్టేవారు. వాళ్లావిడ విద్యావతి గారు ఆ అక్షింతలు ఆయన చేతిలోంచి లాక్కుని తనే వేసేది. ఒకసారి నా కౌంటరు ముందు కాసేపు నిలబడి, "మేడం, మీరొక్కరే కూసున్నరు, పదకొండు మంది నిలవడ్డరు. మీది చిన్న రాజ్యం," అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు గంట సేపు నిలబడే పుస్తకాలిచ్చాను. మోకాళ్ల నొప్పి నాకు, సంతోషం ఆయనకు.

ఇక ఆ పుస్తకం సంగతి. నాంపల్లి స్టేషన్ దగ్గర శ్రీహరి సేటు అనే ఆయన బొమ్మల పుస్తకాలు కిరాయికిచ్చే దుకాణం నడిపేవారు. శ్యామ్‌సుందర్ గారు చిన్నప్పుడు చదివింది అక్కడే. దుకాణం మూతపడ్డాక సరుకంతా ఫుట్‌పాత్ మీదికి వచ్చింది. అందులో ఆయనకు 'మేఘదుర్గం' దొరికింది. నలభై పేజీలు, చవక కాగితం, రెండు రంగులు. ఎంత వెతికినా ఇంకో కాపీ కనిపించలేదు.

మొదటి పదహారు పేజీల్లో మేఘదుర్గాన్ని చండవర్మ అనే రాజు ఏలుతుంటాడు. పదహారో పేజీ చివర సింహాసనం మీద కూర్చుని, చెయ్యెత్తి, "ప్రజలారా, నేటి నుండి" అంటాడు. పక్క పేజీ, అంటే పదిహేడులో సఫారీ సూటు వేసుకున్న ఒక ఆఫీసరు కుర్చీలో కూర్చుని, చెయ్యెత్తి, "మీ వీధికి రేపు నల్లా వస్తుంది" అంటాడు. ఎదురుగా బిందెలు పట్టుకుని జనం వరుస. కోటా లేదు, రాజూ లేడు. ఇరవై నాలుగో పేజీ దాకా ఇదే వరస. నల్లా, బిందె, దరఖాస్తు, రేపు. ఇరవై ఐదులో చండవర్మ మళ్లీ సింహాసనం మీదే కూర్చుని కూతురికి పెళ్లి చేస్తుంటాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు.

నాబోటి వాళ్లయితే ఇదేదో తేడాగా ఉందే అనుకుని పక్కన పడేస్తారు. చదువుకున్నవాడు సిద్ధాంతం కడతాడు. 'ఎనిమిది పేజీల గణతంత్రం' అని శ్యామ్‌సుందర్ గారు దానికి పేరు పెట్టారు. మన దగ్గర అధికారం మారడానికి విప్లవం అక్కర్లేదు, పేజీ మారితే చాలు; రాజు పోయిన సంగతీ జనానికి తెలియదు, తిరిగొచ్చిన సంగతీ తెలియదు, వాళ్ల చూపంతా బిందె మీద ఉంటుంది. ఇదీ సారం. రాజుకు కత్తిలాంటి ముక్కు, ఆఫీసరుకు బండ ముక్కు ఎందుకున్నాయన్న దాని మీద ఒక్కదాని మీదే పదకొండు పేజీలు రాశారు. రాజు అధికారం ముఖంలో ఉంటుంది కాబట్టి గీత పదునుగా ఉంటుందట. ఆఫీసరు అధికారం కుర్చీలో ఉంటుంది కాబట్టి ముఖం మొద్దుబారుతుందట. నేను చదివి నిజమే అనుకున్నాను. మా ప్రిన్సిపాల్ ముక్కు రోజూ చూసేవాళ్లు ఎవరైనా అనుకుంటారు.

ఆ వ్యాసం ఒక సెమినార్‌లో చదివారు. ఇంకో సెమినార్‌లో ఎవరో దాన్ని చీల్చి చెండాడారు. దాంతో పేరొచ్చింది. పేరొచ్చాక సిలబస్‌లో చేరింది. సిలబస్‌లో చేరాక గైడులో చేరింది. గైడులో చేరాక ఇక దాన్ని ఎవరూ చదవలేదు, అందరూ పరీక్షలో రాశారు. 'ఎనిమిది పేజీల గణతంత్రమును వివరింపుము', పది మార్కులు.

అప్పుడే ఆయన మూలగ్రంథాన్ని లైబ్రరీలో భద్రపరచాలని పట్టుబట్టారు. కాలేజీ లైబ్రరీలో పిల్లల పుస్తకాలు కుదరవన్నాను. "ఇది పిల్లల పుస్తకం కాదు, రాజ్యాంగ పత్రం" అని ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టారు. మూడు వారాలు పోట్లాడి ఓడిపోయాను. రాజ్యాంగ వ్యాఖ్యానానికీ, పంచాయతీరాజ్ చట్టానికీ మధ్య చండవర్మను కూర్చోబెట్టాను.

పదహారేళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఆ తర్వాత హాసిని వచ్చింది.

కోఠి అమ్మాయి. మా కాలేజీలోనే కాంట్రాక్టు లెక్చరరు, ఆయన దగ్గరే పీహెచ్‌డీ. ఐదేళ్లు నా రీడింగ్ రూములో ఫ్యాను తిరగని మూల కూర్చుని చదివింది, ఎందుకంటే తిరిగే ఫ్యాను కింద కాగితాలు ఎగురుతాయి. నాలుగో అధ్యాయమంతా ఆ ఎనిమిది పేజీల మీదే. ఈ జూన్‌లోగా డిగ్రీ చేతికొస్తేనే ఆమె ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు వస్తారు. వైవా తేదీ ఖాయమైంది. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు జనార్దన్ గారు ముందే ఉత్తరం రాశారు, వైవా రోజు అసలు పుస్తకం తన కళ్లతో చూడాలని.

జిరాక్సులు తీసీ తీసీ పుస్తకం వెన్ను విరిగిపోయి ఉంది. అట్ట ఒక చోట, కథ ఒక చోట. మా కాలేజీ పుస్తకాలన్నీ నాంపల్లి గల్లీలో ఎల్లేష్ అనే ఆయన బైండు చేస్తాడు. పంపుతానంటే శ్యామ్‌సుందర్ గారు ఒప్పుకోలేదు. తనే తువ్వాల్లో చుట్టుకుని, దవాఖానకు పసిపిల్లను తీసుకెళ్లినట్టు తీసుకెళ్లారు. తాళం నాది కాబట్టి నేనూ వెంట వెళ్లాను. వైవా ఇంకా తొమ్మిది రోజులుంది.

ఎల్లేష్‌కు డెబ్బై దాటాయి. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి, వెన్ను దగ్గర దారం చూసి, "గిది నా కుట్టే," అన్నాడు.

శ్యామ్‌సుందర్ గారు పొంగిపోయారు. "శ్రీహరి సేటు దుకాణానికి మీరేనా బైండింగ్?"

"ఔ సార్. బస్తాలు బస్తాలు కుట్టిన." మాట్లాడుతూనే కత్తి మొనతో దారం తెంపి, పుస్తకాన్ని ఎనిమిదేసి పేజీల మడతలుగా విడదీశాడు. ఆ మడతను వాళ్లు ఫారం అంటారు. మొత్తం ఐదు ఫారాలు. నాలుగింటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, మూడోదాన్ని మాత్రం పక్కకు నెట్టాడు.

"గది గూడ పెట్టాలె ఎల్లేష్. గదే ముఖ్యం," అన్నారు శ్యామ్‌సుందర్ గారు.

"పెట్టమంటే పెడ్త. కని గిది గీ పుస్తకంది కాదు సార్."

గల్లీలో ఆటో ఒకటి హారన్ కొడుతూనే ఉంది. శ్యామ్‌సుందర్ గారు అది ఆగేదాకా ఎదురుచూసి, మళ్లీ చెప్పమన్నారు.

"పిల్లలు మస్తు హుషార్ సార్. కిరాయికి తీస్కపొయ్యేముందు పేజీలు లెక్కవెడ్తరు. ఒక్క పేజీ తక్కువున్నా తీస్కోరు. గందుకని సేటు చెప్పిండు, నంబర్లు బరాబర్ ఉండాలె, లోపల ఏమున్నా ఫికర్ లేదని. దీంట్ల పదిహేడు నుంచి ఇర్వై నాలుగు పోయినయ్. నల్లా నీళ్లు ఆదా చెయ్యాలని ఎవరో పంచిన బొమ్మల పుస్తకం ఒకటి నా దగ్గర పడి ఉండె. దాంట్ల పదిహేడు నుంచి ఇర్వై నాలుగు మంచిగున్నయ్. సైజు గూడ గదే. కుట్టిన."

నేను శ్యామ్‌సుందర్ గారి వైపు చూడలేక గోడకు వేలాడుతున్న దారం కండెలు చూశాను. ఆయన గొంతు వినిపించింది. "గిట్ల ఎన్ని పుస్తకాలకు చేసిన్రు?"

"చినిగినయన్నిటికీ."

"ఎవరన్న వాపస్ తెచ్చిన్రా, కథ మారిందని?"

"ఒక్కరు గూడ తేలే సార్."

శ్యామ్‌సుందర్ గారి కళ్లలో ఒక్క క్షణం వెలుగొచ్చింది. జేబులోంచి నోటుబుక్కు తీశారు. "ఒక్కరు గూడనా? సుమారుగా ఎంతమంది చదివి ఉంటరు?"

"నోటుబుక్కు లోపల పెట్టండి," అన్నాను నేను. పెట్టేశారు.

"నేను గూడ వాపస్ తేలే," అన్నారు మెల్లగా. "తొమ్మిదేండ్లు నాకప్పుడు. ఎండకాలం సెలవుల్లో రెండుసార్లు తీస్కపోయి చదివిన."

ఎల్లేష్‌కు ఈ బాధేమిటో అర్థం కాలేదు. కలిపి కుట్టాలా, విడిచి కుట్టాలా అని అడిగాడు. విడిగానే తువ్వాల్లో చుట్టుకుని బయటపడ్డాం.

మొజంజాహీ మార్కెట్ దాకా నడిచాం. అక్కడ సీతాఫలం ఐస్‌క్రీమ్ తెప్పించాను, ఇద్దరికీ. మనసు బాగాలేనప్పుడు తినడం తప్ప నాకు వేరే వైద్యం తెలియదు. ఆయనది గిన్నెలోనే కరిగిపోయింది.

"హాసినికి చెప్పాలె," అన్నారు.

"వైవా అయ్యాక చెప్పండి."

"అప్పటికి ఆమెకు అబద్ధం మీద డిగ్రీ వస్తది మేడం."

"మన కాలేజీలో సగం డిగ్రీలు దేని మీద ఉన్నాయనుకుంటున్నారు? ఆ పిల్ల ఉద్యోగం పోతే మీరిప్పిస్తారా?" అన్నాను. కోపంతో అనలేదు. భయపడే అన్నాను. ముద్ర కొట్టిన చెయ్యి నాది కదా.

మర్నాడు ఆయన హాసిని దగ్గరికి వెళ్లలేదు. ప్రిన్సిపాల్ కోదండరామయ్య గారి దగ్గరికి వెళ్లారు. మొదట సిలబస్‌లోంచి తీసేయించి, ఆ కాగితం పట్టుకుని హాసినికి చెబుతానన్నారు. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకునేటప్పుడు చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలనుకుంటారు. సాక్షి సంతకానికి నన్నూ తీసుకెళ్లారు.

"సిద్ధాంతాన్ని వాపసు తీసుకోవడానికి ప్రొఫార్మా లేదండీ," అన్నారు కోదండరామయ్య గారు. "ప్రవేశపెట్టడానికి ఉంది. సవరించడానికి ఉంది."

"అయితే సవరణ కింద రాసిస్త సార్."

"సవరణ అంటే పాతదాని స్థానంలో కొత్తది జతపరచాలి. కొత్త సిద్ధాంతం ఏదైనా ఉందా మీ దగ్గర?"

"లేదు సార్."

"అయితే పాతదే ఉంటుంది. అసలు అది తప్పని ఎవరన్నారు?"

"కుట్టినాయన."

"ఆయన అర్హత?"

శ్యామ్‌సుందర్ గారు బాగా ఆలోచించి, "కుట్టిండు," అన్నారు.

దాని మీద ఎల్లేష్ రాతపూర్వకంగా వాంగ్మూలం ఇవ్వాలన్నారు. ఇచ్చాడు. దాన్ని సబ్జెక్టు తెలిసిన గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలన్నారు. బొమ్మల కథల్లో రాజనీతి తెలిసిన గెజిటెడ్ అధికారి ఈ చుట్టుపక్కల ఒక్కరే. ఆయన ధ్రువీకరించారు. తన తప్పుకు తానే సాక్షిగా ఉండడం నిబంధనలకు విరుద్ధమని కాగితం వెనక్కొచ్చింది. ఈలోగా పరీక్షల విభాగం వాళ్లు బెదిరిపోయారు. సిద్ధాంతమే లేదంటే ఇన్నేళ్లుగా దానికి వేసిన పది పది మార్కులూ ఏం కావాలి? ఆరో రోజు శ్యామ్‌సుందర్ గారి చేతికి మెమో వచ్చింది. సిలబస్‌లోని అంశమైన ఎనిమిది పేజీల గణతంత్రమును బహిరంగంగా కించపరచినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను, ఇకముందు సదరు సిద్ధాంతాన్ని సదరు ప్రొఫెసరు గౌరవించవలెను.

ఆయన ఆ మెమో చదివి నాకిచ్చారు. నవ్వొచ్చింది నాకు. ఆయనకు రాలేదు. "ఇంక ఆమెకు చెప్పుడే మేడం," అన్నారు. వైవా మూడు రోజుల్లో ఉంది.

నా రీడింగ్ రూములోనే చెప్పారు. హాసిని ఫ్యాను లేని మూల కూర్చుని ఉంది. ఆయన ఎదురుగా నిలబడి, విడిపోయిన ఫారం బల్ల మీద పెట్టి, దాచకుండా అంతా చెప్పారు. ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. ఆమె ఆ ఫారం తిరగేసి చూసి, "నాకు తెలుసు సార్," అంది.

"ఏం తెలుసు?"

"ఇద్దరు వేర్వేరు మనుషులు గీసిన్రని. ముక్కు ఒక్కటే కాదు, వేళ్లు చూడున్రి. రాజు చేతికి గోర్లున్నయి. ఆఫీసర్ చేతికి లేవు. అక్షరాలు రాసిన చెయ్యి గూడ వేరే. మొదటి ఏడాది డ్రాఫ్టుల ఒక పేజీ రాసిచ్చిన. మీరు కొట్టేసిన్రు."

"నేను కొట్టెయ్యలే హాసినీ. గట్లాంటిది రాస్తే నాకు యాదుండదా?"

ఆయన తన గదికి వెళ్లారు. ఏ కాగితమూ పారేయని మనిషి. అరగంట తర్వాత వచ్చి, ఒక పేజీ నా కౌంటరు మీద పెట్టారు, హాసిని బల్ల మీద కాదు. ఆమె రాసిందంతా ఉంది అందులో, గోళ్లతో సహా. మీది నుంచి కిందికి ఎర్రసిరా గీత. అంచున ఆయన ముత్యాల్లాంటి దస్తూరీ. 'అనవసరం. చిత్రకారుడు ఒక్కడే. ముక్కుల మీద పెట్టే దృష్టి ప్రజల మీద పెట్టుము.'

"ఇంత కచ్చితంగా ఎట్ల రాసిన మేడం నేను?" అన్నారు. జాలి పడాలో, నాలుగు దులపాలో నాకు తెలియలేదు. రెండూ చేయకుండా కుర్చీ చూపించాను. కూర్చోలేదు.

హాసిని వచ్చి ఆ పేజీ తీసుకుంది. "వైవాల ఏం చెప్పమంటరు సార్?"

"నీ ఇష్టం బిడ్డా."

"అట్ల అనకున్రి. ఐదేండ్లు మీ ఇష్టమే నడిచింది. గిప్పుడు మూడు రోజులకు నా ఇష్టం ఇస్తరా?" అని పేజీ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ మూడు రోజులు లైబ్రరీకి రాలేదు.

మా కాలేజీకి రీసెర్చ్ సెంటర్ ఉంది కాబట్టి వైవా మా సెమినార్ హాల్లోనే జరిగింది. జనం బాగానే వచ్చారు, సమోసాలుంటాయని. వేదిక మీద జనార్దన్ గారు, పక్కన కోదండరామయ్య గారు, చివరి కుర్చీలో శ్యామ్‌సుందర్ గారు. వైవాలో గైడు నోరు మెదపకూడదు, అది నియమం. పుస్తకం నేనే తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. నాలుగు ఫారాలు ఒక కట్ట, ఒక ఫారం విడిగా.

హాసిని గంటసేపు మాట్లాడింది. మొదటి మూడు అధ్యాయాలు గలగలా చెప్పేసింది. నాలుగోది వచ్చేసరికి జనార్దన్ గారు ఆ విడి ఫారం చేతిలోకి తీసుకుని, "ఇది వేరుగా ఉందేమిటమ్మా?" అని అడిగారు.

"అది ఆ పుస్తకంది కాదు సార్," అంది హాసిని. బైండింగు సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. పిల్లలు పేజీలు లెక్కపెట్టేవారని, కథ మారినా ఒక్కరూ వాపసు తేలేదని కూడా చెప్పింది. హాల్లో సమోసాల మాటలు ఆగిపోయాయి. కోదండరామయ్య గారు దగ్గారు.

"మీకెప్పుడు తెలిసింది?" అని అడిగారు జనార్దన్ గారు.

"బైండింగ్ సంగతి మూడు రోజుల కింద తెలిసింది సార్. ఇద్దరు గీసిన్రని మాత్రం మొదటి ఏడాదే తెలుసు. రాసిన. మా సార్ కొట్టేసిన్రు." సంచిలోంచి ఆ పేజీ తీసి ఇచ్చింది.

జనార్దన్ గారు ఎర్రసిరా అంతా చదివారు. "కొట్టేస్తే మళ్లీ అడగలేదా?"

"లేదు సార్."

"ఎందుకు?"

హాసిని శ్యామ్‌సుందర్ గారి వైపు చూడలేదు. నేను మాత్రం ఆమె ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కితే బాగుండు దేవుడా అనుకున్నాను. నేను అలాంటిదాన్నే.

"బిందె పట్టుకొని లైన్ల నిలవడ్డోళ్లు రాజు ఏడికి పోయిండని అడగరు సార్," అంది. "వాళ్లకు నీళ్లు కావాలె. నాకు డిగ్రీ కావాలె."

నియమం సంగతి మరిచి శ్యామ్‌సుందర్ గారు మాట్లాడారు. "ఔ సార్. ఆమె రాసిందే కరెక్టు. కొట్టేసింది నేనే." కోదండరామయ్య గారు ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపబోయారు. మెమో మీద మెమో ఇస్తానన్నట్టు చూశారు. శ్యామ్‌సుందర్ గారు చెప్పాల్సింది అప్పటికే చెప్పేశారు.

జనార్దన్ గారు పది నిమిషాలు రాశారు. డిగ్రీకి సిఫారసు చేశారు. నాలుగో అధ్యాయం తిరగరాయాలి, కొట్టేసిన పేజీని ఎర్రసిరాతో సహా అనుబంధంగా చేర్చాలి, ఇప్పుడు చెప్పిన జవాబును ముగింపులో పెట్టాలి. ఇన్నేళ్లుగా శ్యామ్‌సుందర్ గారు పదకొండు పేజీల ముక్కులతో, నోటుబుక్కుల లెక్కలతో చెప్పలేకపోయింది ఆ అమ్మాయి రెండు మాటల్లో చెప్పింది. చెప్పగలిగిందంటే, ఆయన తనను ఐదేళ్లు ఆ వరసలో నిలబెట్టారు కాబట్టి. అది ఆయనకు అర్థమైందని నాకు తెలుసు. ఆయన ముఖం వైపు చూడాలంటే నాకే సిగ్గేసింది.

బయట వరండాలో సమోసాలు పంచుతున్నారు. హాసిని చుట్టూ జనం చేరి అభినందనలు చెబుతున్నారు. శ్యామ్‌సుందర్ గారు ఆ గుంపు చివర చాలాసేపు ఆగి, తన వంతు వచ్చాక ముందుకెళ్లారు.

"తప్పైంది బిడ్డా," అన్నారు. "మాఫ్ చెయ్యి."

హాసిని చేతిలో టీ కప్పు పక్కన పెట్టి, సంచి సర్దుకుంది. మర్యాదగానే చెప్పింది.

"ఇంకా రెండు కాగితాల మీద మీ సంతకం కావాలె సార్. గవి అయినంక చెప్త, మాఫ్ చేసిన్నో లేదో."